తెల్లబట్టలో మార్పు కనిపిస్తే ఏం చేయాలి, డాక్టరు దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి

తిరుపతి, చిత్తూరు వైపు ఇళ్లలో తెల్లబట్ట, అంటే యోని నుంచి వచ్చే తెల్లటి స్రావం సంగతి వస్తే ముందుగా వినిపించేది ‘వేడి చేసింది’ అనే మాటే. మామిడిపండ్లు ఎక్కువ తిన్నావనో, ఎండలో తిరిగావనో అంటారు. సబ్జా గింజలు నానబెట్టి ఇస్తారు. తగ్గకపోతే మెడికల్ షాపు నుంచి ఒక మాత్ర వస్తుంది. అప్పటికీ తగ్గకపోతే గర్భసంచి తీయించేసుకోమనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. సబ్జా నీళ్లకూ ఆపరేషన్‌కూ మధ్య చేయవలసిన పని చాలా ఉంది. అందులో ఎక్కువ భాగం మీ చేతిలోనే ఉంది.

మొదట: మీకు మామూలుగా ఎలా ఉంటుందో తెలుసుకోండి

నెలసరి వచ్చే వయసులో రోజుకు అర చెంచా నుంచి చెంచాడు వరకు స్రావం రావడం ఆరోగ్యమే. గర్భాశయ ముఖద్వారంలోని గ్రంథులు తయారుచేసే జిగురు, యోని గోడల నుంచి రాలే పాత కణాలు కలిసి అలా బయటికి వస్తాయి. లోపల లాక్టోబాసిల్లై అనే మేలు చేసే బాక్టీరియా ఉంటుంది. అది లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసి అక్కడి పీహెచ్‌ను, అంటే పులుపు ఎంత ఉందో చెప్పే కొలతను, 3.8 నుంచి 4.5 మధ్య ఉంచుతుంది. ఆ పులుపులో చెడ్డ క్రిములు పెరగలేవు. మామూలు స్రావానికి కొద్దిగా పుల్లటి వాసన ఉండేది అందుకే. ముదురు రంగు లోదుస్తులు అక్కడ మాత్రమే వెలిసిపోవడానికి కారణం కూడా ఆ ఆమ్లమే. తెల్లగా వచ్చింది బట్టమీద ఆరాక లేత పసుపు మరకగా కనిపిస్తుంది. దాన్ని చూసి పసుపు రంగు స్రావం అనుకుని కంగారు పడకండి. రంగు చూడవలసింది తడిగా ఉన్నప్పుడు.

నెల పొడవునా ఇది ఒకేలా ఉండదు. నెలసరి ఆగిన తరువాత కొన్ని రోజులు దాదాపు పొడిగా ఉంటుంది. తరువాత కొంచెం తెల్లగా, జిగటగా మొదలవుతుంది. అండం విడుదలయ్యే రోజుల్లో, అంటే రాబోయే నెలసరికి సుమారు రెండు వారాల ముందు, పచ్చి గుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా మారుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా దూరం జరిపితే తెగకుండా తీగలా సాగుతుంది. ఆ రెండు మూడు రోజులు తడి ఎక్కువగా ఉన్నట్టు అనిపిస్తుంది. అది జబ్బు కాదు. ఆ తరువాత మళ్లీ చిక్కబడి, నెలసరి దగ్గర పడేకొద్దీ తెల్లటి పేస్టులా వస్తుంది.

రెండు నెలల పాటు గమనిస్తే మీ వరస మీకు తెలిసిపోతుంది. ఇందుకు ఫోను యాప్‌లు అవసరం లేదు. గోడకు వేలాడే తిరుమల దేవస్థానం క్యాలెండర్‌లో నెలసరి మొదలైన రోజు పక్కన పెన్సిలుతో ఒక చుక్క, స్రావం తేడాగా అనిపించిన రోజు పక్కన ఒక గీత పెట్టండి. అంత చిన్న గుర్తు గురించి ఇంట్లో ఎవరూ అడగరు. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నకు మాత్రం జవాబు దొరుకుతుంది.

వయసును బట్టి కూడా మార్పు ఉంటుంది. ఆడపిల్లలకు మొదటి నెలసరికి కొన్ని నెలల ముందే తెల్లబట్ట మొదలవుతుంది. ఆ సంగతి తల్లి ముందే చెప్పి ఉంచితే పిల్ల భయపడదు. గర్భంతో ఉన్నప్పుడు పెరుగుతుంది. పాలిచ్చే నెలల్లో తగ్గి పొడిగా ఉంటుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో, కాపర్-టీ వేయించుకున్నవారిలో కొంత తేడా కనిపిస్తుంది. నెలసరి పూర్తిగా ఆగిపోయాక లోపలి పొర పలచబడి పొడిబారుతుంది, మంట పుడుతుంది. దానికి వేరే చికిత్స ఉంది. వయసైపోయింది కదా అని భరించనక్కర లేదు.

కొండకు వెళ్లే ప్రయాణం కోసం నెలసరి వాయిదా మాత్రలు వేసుకోవడం మన ప్రాంతంలో మరీ మామూలు విషయమైపోయింది. నోరెథిస్టిరాన్ అనే ఆ హార్మోను మాత్ర ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. వాడుతున్నప్పుడు కొందరికి గోధుమరంగు మరకలు కనిపిస్తాయి. అది ఇన్ఫెక్షన్ కాదు. అయితే కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు, కాలేయ జబ్బు ఉన్నవారు, గర్భం ఉందేమోనని అనుమానం ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. పక్కింటావిడ దగ్గర మిగిలిన షీటు తెచ్చుకోవడం అసలే వద్దు.

తరువాత: ఏం మారిందో చూడండి

‘ఎక్కువగా పోతోంది’ అని మాత్రమే చెబితే డాక్టరుకు తెలిసేది తక్కువ. రంగు మారిందా, వాసన మారిందా, దురదో మంటో ఉందా, రక్తం చుక్కలు ఉన్నాయా, పొత్తికడుపులో నొప్పి ఉందా అని మిమ్మల్ని మీరే అడగండి. వీటిలో ఏదీ లేకుండా కేవలం పరిమాణం కాస్త పెరిగితే ఎక్కువసార్లు అది హార్మోన్ల సంగతే.

విపరీతమైన దురదతో, విరిగిన పాల ముక్కల్లా తెల్లగా వస్తూ, వాసన పెద్దగా లేకపోతే కాండిడా అనే ఫంగస్ అయ్యే అవకాశం ఎక్కువ. బయటి చర్మం ఎర్రబడుతుంది, మూత్రం తగిలితే మండుతుంది. జలుబుకో పంటికో యాంటీబయాటిక్ కోర్సు వాడిన తరువాత, గర్భంతో ఉన్నప్పుడు, షుగర్ అదుపులో లేనప్పుడు ఇది ఎక్కువగా వస్తుంది. మహిళల్లో నలుగురిలో ముగ్గురికి జీవితంలో ఒకసారైనా వస్తుంది కాబట్టి సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

దురద అంతగా లేకుండా, పలచగా బూడిద రంగులో వస్తూ, నీచు వాసన కొడితే, ముఖ్యంగా కలయిక తరువాత ఆ వాసన ఎక్కువైతే, అది బాక్టీరియల్ వజైనోసిస్ కావచ్చు. మేలు చేసే బాక్టీరియా తగ్గిపోయి మిగతావి పెరగడం వల్ల వచ్చే సమస్య ఇది. శుభ్రత లేకపోవడం వల్ల వచ్చిందని చాలామంది బాధపడి ఇంకా ఎక్కువగా కడుగుతారు. దాంతో అది ఇంకా పెరుగుతుంది.

పసుపు లేదా ఆకుపచ్చ రంగులో, నురగతో, దుర్వాసనతో, దురదతో వస్తే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవిని అనుమానిస్తారు. ఇది కలయిక ద్వారా వస్తుంది. భర్తకు ఏ లక్షణమూ కనిపించకపోయినా ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి. ఒక్కరే వాడితే మళ్లీ అంటుకుంటుంది. చీములాంటి స్రావం, కలయిక తరువాత రక్తం కనిపిస్తే గర్భాశయ ముఖద్వారం దగ్గర గనేరియా, క్లామిడియా వంటి సుఖవ్యాధులు ఉన్నాయేమో చూడాలి. క్లామిడియా చాలామందిలో లక్షణాలే చూపించదు. పట్టించుకోకపోతే గర్భాశయ నాళాలు దెబ్బతిని పిల్లలు పుట్టడం కష్టమవుతుంది.

ఇంత వివరంగా చెప్పింది మీరే రోగనిర్ధారణ చేసుకోవడానికి కాదు. అమెరికాలో 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, తమది ఫంగసే అనుకుని సొంతంగా మందు కొనుక్కున్న మహిళలను పరీక్షిస్తే మూడో వంతు మందికే నిజంగా ఫంగస్ ఒక్కటే ఉందని తేలింది. చదువుకున్నవారు, అంతకుముందు అదే జబ్బు వచ్చినవారు కూడా అలాగే పొరబడ్డారు.

ఇంట్లో మానేయవలసినవి

ముందు లోపల కడగడం మానండి. సబ్బు, డెట్టాల్, ఉప్పునీళ్లు, టీవీలో చూపించే సువాసన ద్రవాలు ఏవీ లోపలికి పోనివ్వకూడదు. యోని తనను తానే శుభ్రం చేసుకుంటుంది. బయటి భాగాన్ని మామూలు నీళ్లతో కడిగి, ముందు నుంచి వెనక్కి తుడుచుకుంటే చాలు. వెల్లుల్లి రెబ్బ, పెరుగు, కలబంద గుజ్జు లోపల పెట్టుకోమని ఫోనులో వచ్చే వీడియోలను నమ్మకండి. మజ్జిగ, సబ్జా తాగడానికి అభ్యంతరం లేదు, తిరుపతి ఎండలకు మంచివే. ఇన్ఫెక్షన్ మాత్రం వాటితో పోదు.

లోదుస్తులను చీర మడతల కింద, స్నానాలగది మూలలో దాచి ఆరేసే అలవాటు మానాలి. హాస్టళ్లలో ఉండే అమ్మాయిలకు ఇది మరీ ఎక్కువ. సగం తడిగా ఉన్నదాన్ని పొద్దున్నే వేసుకుని, రోజంతా బిగుతైన జీన్స్‌లో చెమటతో ఉంటే చర్మం ఒరుసుకుపోయి దురద మొదలవుతుంది. నూలువి వాడండి, ఎండలో ఆరేయండి. ఎవరో చూస్తారనే సంకోచం ఉంటే పైన పలచటి తువ్వాలు కప్పండి, గాలీ ఎండా తగిలితే చాలు. అలిపిరి మెట్లెక్కి వచ్చినా, పొలం నుంచి వచ్చినా చెమట బట్టలు వెంటనే మార్చుకోండి. నెలసరి లేని రోజుల్లో కూడా రోజంతా ప్యాడ్ పెట్టుకోవడం వల్ల మేలుకన్నా చెమటే ఎక్కువ.

మెడికల్ షాపు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. కౌంటరు దగ్గర పదిమంది ఉంటారు. మీరు గొంతు తగ్గించి ‘తెల్లబట్టకు ఏదైనా ఇవ్వండి’ అంటారు. అవతలి అబ్బాయి ఇంకో ప్రశ్న అడగకుండా రెండు మూడు మందులు కలిపిన కిట్టు కాగితంలో చుట్టి ఇస్తాడు. అందులో ఒకటి తగిలి రెండు రోజులు నయంగా ఉంటుంది, తరువాత మళ్లీ మొదటికి వస్తుంది. దురదకని ఇచ్చే క్రీముల్లో చాలావాటిలో స్టిరాయిడ్ కలిపి ఉంటుంది. మొదట హాయిగా ఉంటుంది, వారాల తరబడి రాస్తే చర్మం పలచబడి ఫంగస్ ఇంకా విస్తరిస్తుంది. గర్భిణులు ఫంగస్‌కు నోటి ద్వారా వేసుకునే ఫ్లుకోనజోల్‌ను సొంతంగా వాడకూడదు. వారికి లోపల పెట్టే క్లోట్రిమజోల్ మాత్రలే డాక్టర్లు ఎక్కువగా రాస్తారు.

ఎప్పుడు వెళ్లాలి

కింది వాటిలో ఏది ఉన్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రాత్రయినా ఆగవద్దు, వాహనం లేకపోతే 108కు ఫోను చేయండి.

- జ్వరం, పొత్తికడుపులో తీవ్రమైన నొప్పి, దుర్వాసనతో స్రావం ఒకేసారి ఉంటే
- గర్భంతో ఉండగా నీళ్లలా ఒక్కసారిగా కారినా, ఆగకుండా తడుస్తున్నా, రక్తం కనిపించినా. ఉమ్మనీరు అయి ఉండవచ్చు, అది ఆకుపచ్చగా ఉంటే మరింత తొందర
- కాన్పు లేదా గర్భస్రావం తరువాత దుర్వాసన, చలిజ్వరం వస్తే. బాలింతకు నాలుగు నుంచి ఆరు వారాలు మైల పోవడం, అది ఎరుపు నుంచి గోధుమరంగుకు, తరువాత లేత పసుపుకు మారడం మామూలే. కంపు కొట్టడం మామూలు కాదు
- నెలసరి తప్పి, ఒక పక్క కడుపునొప్పితో రక్తం మరకలు కనిపిస్తే

దురద, నీచు వాసన, రంగు మారడం, మూత్రంలో మంట వంటివి ఉంటే రెండు మూడు రోజుల్లో చూపించుకోండి. నెలసరి ఆగిపోయి ఏడాది దాటిన తరువాత ఒక్క చుక్క రక్తం కనిపించినా, కలయిక తరువాత రక్తం వచ్చినా, నీళ్లలాంటి ఎర్రటి దుర్వాసన స్రావం ఉన్నా ఆ వారంలోనే పరీక్ష జరగాలి. ఎక్కువసార్లు కారణం చిన్నదే ఉంటుంది. కానీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కూడా ఇలాగే బయటపడుతుంది, తొందరగా దొరికితే నయమవుతుంది.

ఇంకా పెద్దమనిషి కాని చిన్నపిల్లకు చీము, రక్తం, దుర్వాసన ఉంటే అది వేడి కాదు. నులిపురుగులు కావచ్చు, ఆటలో లోపల ఏదైనా పెట్టుకుని ఉండవచ్చు. ఎవరైనా పిల్లను బాధపెట్టి ఉండవచ్చు కూడా. తిట్టకుండా, ప్రశ్నలతో వేధించకుండా డాక్టరుకు చూపించండి. అనుమానం ఉంటే పిల్లల సహాయ నంబరు 1098కు ఫోను చేయండి.

ఎక్కడికి, ఎలా వెళ్లాలి

ఊళ్లో ఉంటే ముందు ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో చెప్పండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏ రోజు వెళితే మహిళా డాక్టరు ఉంటారో వారికి తెలుస్తుంది. శ్రీకాళహస్తి, పలమనేరు, కుప్పం వైపు వారికి ఏరియా ఆసుపత్రులున్నాయి. చిత్తూరులో జిల్లా ఆసుపత్రి, తిరుపతిలో రుయా ఆసుపత్రి పక్కనే ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఉన్నాయి. ప్రసూతి అని పేరున్నా అక్కడ కాన్పులే కాదు, స్త్రీల సమస్యలన్నీ చూస్తారు.

ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో సురక్షా క్లినిక్ అనే గది ఉంటుంది. సుఖవ్యాధులకూ జననాంగాల ఇన్ఫెక్షన్లకూ అక్కడ ఉచితంగా చూస్తారు, వివరాలు బయటికి చెప్పరు. మందులను రంగుల కిట్లుగా ఇస్తారు. యోని స్రావానికి ఇచ్చేది ఆకుపచ్చ కిట్టు. భర్తకూ మందు అవసరమైతే అక్కడే చెబుతారు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు చేయించుకోమంటే కోపం తెచ్చుకోకండి. అది మీ మీద అనుమానం కాదు, అందరికీ చేసేదే.

వెళ్లే ముందు రెండు రోజుల పాటు లోపల ఏ మందూ పెట్టవద్దు, కలయిక వద్దు. స్రావం కనిపిస్తేనే కదా డాక్టరు చూడగలిగేది, అందుకని ఆ రోజు ప్రత్యేకంగా కడుక్కుని వెళ్లవద్దు. అత్యవసరం కాకపోతే నెలసరి రోజుల్లో కాకుండా చూసుకోండి. చివరి నెలసరి తేదీ, వాడుతున్న మాత్రల షీట్లు తీసుకెళ్లండి.

పరీక్ష అంటేనే చాలామంది వాయిదా వేస్తారు. అక్కడ జరిగేది ఇంతే. తెర చాటున బల్లమీద పడుకోబెట్టి మోకాళ్లు మడవమంటారు. స్పెక్యులమ్ అనే పరికరంతో యోని గోడలను కొద్దిగా ఎడం చేసి ముఖద్వారాన్ని లైటు వేసి చూస్తారు. చల్లగా, బిగుతుగా అనిపిస్తుంది. ఊపిరి నోటితో మెల్లగా వదిలితే కండరాలు సడలుతాయి. దూది పుల్లతో కొంచెం స్రావం తీసి మైక్రోస్కోపు కింద చూస్తారు, పీహెచ్ కాగితం తాకిస్తారు. రెండు మూడు నిమిషాల పని. గదిలో నర్సు ఉండాలని అడగడం మీ హక్కు. కలయిక అనుభవం లేని అమ్మాయిలు ఆ మాట ముందే చెబితే స్పెక్యులమ్ వాడరు, బయటి నుంచే దూది పుల్లతో నమూనా తీస్తారు.

మీకు 30 దాటి ఉంటే ఆ రోజే వెనిగర్ పరీక్ష కూడా చేయమని అడగండి. ముఖద్వారం మీద పలచటి ఎసిటిక్ ఆమ్లం అద్ది తెల్లటి మచ్చలు తేలుతాయేమో చూస్తారు. 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి చేయాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది.

మందు మొదలుపెట్టాక

కోర్సు పూర్తి చేయండి. బాక్టీరియల్ వజైనోసిస్‌కు సాధారణంగా మెట్రోనిడజోల్ ఏడు రోజులు రాస్తారు. నోరు లోహపు రుచిగా ఉంటుంది, కడుపులో తిప్పుతుంది, మూడో రోజుకే తగ్గినట్టు ఉంటుంది. చాలామంది మానేసేది అక్కడే. వారం దాటినా తగ్గకపోతే అదే మందు మళ్లీ కొనకుండా డాక్టరు దగ్గరకే వెళ్లండి.

ఫంగస్ ఏడాదిలో మూడు నాలుగుసార్లు వస్తుంటే షుగర్ పరీక్ష చేయించండి. షుగర్ ఉందని ముందే తెలిసినవారు మాత్రల పేర్లు చూడండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటివి చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపుతాయి, దానివల్ల ఫంగస్ ఎక్కువగా వస్తుంది. మాత్ర సొంతంగా ఆపకండి, రాసిన డాక్టరుకు చెప్పండి.

నీరసం సంగతి వేరు. తెల్లబట్ట పోతే ఎముకలు కరిగి బలం పోతుందని మన పెద్దవాళ్లు అంటారు. స్రావంలో ఎముక ఏమీ ఉండదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. కళ్లు తిరగడం, నడుము లాగడం ఉంటే హిమోగ్లోబిన్ చూపించుకోండి.

గర్భసంచి తీయాలంటే

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంలో సుమారు 3 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. అన్ని రాష్ట్రాల్లోకీ మనమే ముందు. కేవలం తెల్లబట్టకు గర్భసంచి తీయడం చికిత్స కాదు. మందులతో పోయే ఇన్ఫెక్షన్‌కు అవయవం తీయించుకున్నా యోని అక్కడే ఉంటుంది, ఇన్ఫెక్షన్ మళ్లీ రావచ్చు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై అయిదేళ్లకే నెలసరి ఆగిన వయసు వచ్చిపడుతుంది, ఎముకలు నిజంగానే బలహీనపడతాయి.

‘ముఖద్వారం దగ్గర పుండు ఉంది’ అని చెప్పి భయపెడితే వెంటనే ఒప్పుకోకండి. లోపలి పొర కొంచెం బయటికి కనిపించి ఎర్రగా ఉండటాన్ని చాలాచోట్ల పుండు అనేస్తారు. వయసులో ఉన్నవారిలో, గర్భిణుల్లో, మాత్రలు వాడేవారిలో అది మామూలే, చాలాసార్లు ఏ చికిత్సా అక్కర లేదు. వెనిగర్ పరీక్షో, ముఖద్వారం కణాలు తీసి చూసే పాప్ స్మియరో చేశారా, ఫలితం ఏమిటి, ఏ ఇన్ఫెక్షన్ అని తేలింది, మందులతో ప్రయత్నించారా, అండాశయాలు ఉంచుతారా అని అడగండి. జవాబులు సరిగా రాకపోతే సంతకం చేయకండి. స్కాన్, రిపోర్టులు మీవే కాబట్టి అడిగి తీసుకోండి, వాటితో ప్రసూతి ఆసుపత్రిలోనో తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలోనో మరో డాక్టరు అభిప్రాయం తీసుకున్నాకే నిర్ణయించుకోండి.